ఎడారిలో నీడ చూసి నడవండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం అరిజోనా గురించే. సంక్రాంతి దాటాక పిల్లల దగ్గరికి ప్రయాణాలు కట్టే అమ్మానాన్నలు, అక్కడే చదువుకుంటున్న కుర్రాళ్లు టూసాన్ ఊరి పక్కనున్న అరిజోనా–సొనోరా డెజర్ట్ మ్యూజియం గురించి అడిగారు. నేను వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. మా అమ్మాయి ఫీనిక్స్ దగ్గర కాపురం ఉంటుంది కాబట్టి ఆ చోటు నాకు బాగా పరిచయం, అంతకు మించి ఇష్టం. అందుకే ఈ నెల పేజీ మొత్తం దానికే ఇస్తున్నాను.

*ప్రశ్న: మా అబ్బాయి చాండ్లర్‌లో ఉంటాడు. మార్చిలో వెళ్తున్నాం. నాకు అరవై దాటాయి, మోకాళ్ల నొప్పులు. మావారికి షుగరు. ఎడారి జంతువులు, తోట ఒకేచోట ఉంటాయని, పొద్దున వెళ్లి సాయంత్రానికి రావచ్చని అబ్బాయి అంటున్నాడు. ఎడారిలో చూడడానికి ఏముంటుంది? రాను పోను నాలుగు గంటల ప్రయాణం అవసరమా?*
*– ఒక పాఠకురాలు, తెనాలి*

అవసరమేనమ్మా, తప్పకుండా వెళ్లండి. మార్చి అయితే మరీ మంచిది. ఎండ ఒంటికి హాయిగా ఉంటుంది, చలికాలం వానలు బాగా కురిసిన ఏడాదైతే కొండవాలుల మీద పూలు కూడా చూస్తారు.

ఎడారి అనగానే మనకు ఇసుక తిన్నెలు, ఒంటెలు గుర్తుకొస్తాయి. సొనోరా ఎడారి అలా ఉండదు. కంటికి ఆనినంత మేరా కాక్టస్‌లు, ముళ్ల చెట్లు, పొదలే. టూసాన్‌లో ఏడాదికి కురిసేది 300 మిల్లీమీటర్ల లోపే. మన అనంతపురంలో 550 దాకా పడుతుంది, దాన్నే మనం కరువు సీమ అంటున్నాం. అయినా అక్కడ అంత పచ్చదనం ఎలా నిలిచిందంటే, ఆ కొద్ది వానా రెండు విడతలుగా వస్తుంది. చలికాలంలో పసిఫిక్ సముద్రం వైపు నుంచి సన్నటి జల్లులు పడతాయి. జూలై నుంచి సెప్టెంబరు దాకా ఉరుములు మెరుపులతో సాయంత్రం వానలు కురుస్తాయి. ఈ రెండింటి మధ్య కాలాన్ని ఎలా గట్టెక్కాలో అక్కడి ప్రతి ప్రాణికీ తనదైన పద్ధతి ఉంది. మీరు చూడబోయేది ఆ పద్ధతులనే.

మ్యూజియం 1952లో మొదలైంది. పేరు మ్యూజియమే కానీ చూడవలసినవన్నీ చాలావరకు ఆరుబయటే ఉంటాయి. నడిచే దారులు మొత్తం రెండు మైళ్లు, 21 ఎకరాల్లో విస్తరించి ఉంటాయి. ఆ ప్రాంతానికి చెందిన మొక్కలు, జంతువులకే అక్కడ చోటు. ఏనుగు, జిరాఫీ, సింహం ఉండవు, చిన్నపిల్లలు వెంట ఉంటే ఆ సంగతి ముందే చెప్పి తీసుకెళ్లండి. కంచె లోపలి నేల ఎలా ఉందో బయటి కొండ కూడా అలాగే ఉంటుంది. నాకు ఆ చోటు నచ్చడానికి మొదటి కారణం అదే.

గేటు దాటగానే జంతువుల కోసం పరుగు పెట్టకండి. ముందు ఒక పాలో వెర్డే చెట్టు దగ్గర ఆగండి. మాను, కొమ్మలు, రెమ్మలు అన్నీ ఆకుపచ్చగా ఉంటాయి. నీళ్లు కరువైతే ఆ చెట్టు ఆకులు రాల్చేసి, బెరడులోని పచ్చదనంతోనే ఆహారం తయారు చేసుకుంటుంది. ఆకులు ఎంత చిన్నవంటే, దాని నీడ నేల మీద జల్లెడ పట్టినట్టు చుక్కలు చుక్కలుగా పడుతుంది. ఇప్పుడు నిదానంగా వంగి, మొదలు దగ్గర వెతకండి. పిడికెడంత ఎత్తున, ఒళ్లంతా ముళ్లతో ఒక చిన్న కాక్టస్ కనిపించిందంటే అది సవారో పిల్ల కావచ్చు. కౌబాయ్ బొమ్మల్లో చేతులెత్తి నిలబడి ఉంటుందే, ఆ మహావృక్షం బాల్యం ఇదే.

సవారో మొదటి ఎనిమిదేళ్లలో అంగుళం, అంగుళంన్నర పెరిగితే గొప్ప. ఒక్కో పండులో 2,000 దాకా గింజలు ఉంటాయి. బట్టబయట పడిన గింజ మొలిచినా ఎండకు మాడిపోతుంది, శీతాకాలం రాత్రి మంచుకు చచ్చిపోతుంది, లేకపోతే ఏ ఎలుకో కొరికేస్తుంది. పాలో వెర్డే కిందో, మెస్కీట్ కిందో, ఐరన్‌వుడ్ కిందో పడిన గింజకే బతికే అవకాశం ఎక్కువ. అక్కడి శాస్త్రవేత్తలు ఇలాంటి వాటిని దాది చెట్లు అంటారు. సుమారు 35 ఏళ్లకు సవారో మొదటిసారి పూస్తుంది. చేతులు రావడానికి 50 నుంచి 75 ఏళ్లు, బాగా పొడి నేలల్లో ఇంకా ఎక్కువ పడుతుంది. ఆయుష్షు 150 నుంచి 200 ఏళ్లు. ఇంతలో దాది చెట్టు ముసలిదవుతుంది. పెరిగిన సవారో వేళ్లు నేల పైపొరలోనే చుట్టూ పరుచుకుని వాన నీటిని ముందే తాగేయడం వల్ల, ఆ చెట్టు ఇంకా త్వరగా ఎండిపోతుందని కూడా పరిశీలకులు చెబుతారు. ఎండిన పాలో వెర్డే మోడు పక్కన నిటారుగా నిలబడ్డ సవారో మీకు దారి పొడవునా కనిపిస్తుంది. ఆ జంటను గుర్తుపట్టడం వచ్చిందంటే ఆ రోజు టికెట్టు డబ్బు వసూలైనట్టే.

పెద్ద సవారో దగ్గరికి వెళ్లినప్పుడు కాండం మీది మడతలు చూడండి. వాన తాగినప్పుడు అవి పట్టులంగా కుచ్చెళ్లలా విచ్చుకుంటాయి, నీరు తగ్గేకొద్దీ మళ్లీ దగ్గరపడతాయి. కాస్త పైకి చూస్తే గుండ్రటి రంధ్రాలు ఉంటాయి. అవి గీలా వడ్రంగి పిట్టల పని. పిట్ట తొలిచిన వెంటనే అందులో కాపురం పెట్టదు. కాక్టస్ తన గాయం చుట్టూ గట్టి పొర కట్టుకుంటుంది, అది ఎండి గూడులా తయారవడానికి నెలలు పడుతుంది. ఆ తర్వాతే పిట్ట దిగుతుంది. పిట్ట వదిలేశాక ఎల్ఫ్ గుడ్లగూబ వచ్చి చేరుతుంది. ప్రపంచంలోని గుడ్లగూబల్లో అంత చిన్నది లేదు, బరువు 40 గ్రాములకు అటూ ఇటూ. సవారో చచ్చి కుళ్లిపోయినా ఆ గట్టి పొర మాత్రం తోలు సంచీలా మిగిలిపోతుంది. అక్కడి స్వచ్ఛంద కార్యకర్తల బల్ల మీద అలాంటిది ఒకటి పెట్టి ఉంటే, అడిగి చేత్తో పట్టుకుని చూడండి. వాళ్లలో చాలామంది రిటైరైన పెద్దలే. మన ఇంగ్లీషు ఎలా ఉన్నా ఓపికగా వింటారు, ఓపికగా చెబుతారు.

ఇక మోకాళ్ల సంగతి. రెండు మైళ్లూ నడవాలన్న పట్టుదల వద్దు. చక్రాల కుర్చీలు దొరుకుతాయి, మొహమాటం లేకుండా అడగండి. డెజర్ట్ లూప్ అనే అర మైలు మట్టి దారి ఒకటుంది. తోడేలును పోలిన కొయోటీలు, అడవి పందిలా కనిపించే జవెలీనాలు అటువైపే ఉంటాయి, కానీ ఆ దారిలో నీడ తక్కువ. మీరు దాన్ని వదిలేయండి, అబ్బాయి వెళ్లి ఫొటోలు తెస్తాడు. తెరిచే వేళకే చేరుకుంటే జంతువులు చురుగ్గా తిరుగుతుంటాయి. ఎండ ఎక్కాక అవన్నీ నీడకు చేరతాయి. పర్వత సింహం (పేరే సింహం, నిజానికి ప్యూమా అనే పెద్ద పిల్లి) కనిపించడం లేదని బోనంతా వెతికేవాళ్లకు నేనొకటే చెబుతుంటాను, ఆ బండల్లో నీడ ఎక్కడుందో చూడండి, అది అక్కడే పడుకుని ఉంటుంది. మీరూ పన్నెండు కొట్టేసరికి నీడకు చేరిపోండి. ప్రవేశం దగ్గరున్న పాముల, బల్లుల శాల, కృత్రిమ గుహ, చేపల శాల ఆ వేళకు తగినవి. ఎడారిలో చేపలేమిటి అనుకోకండి. కాలిఫోర్నియా సింధుశాఖ ఈ ఎడారి మధ్యలోకే చొచ్చుకుని వస్తుంది, కొలరాడో నది అందులోనే కలిసేది.

ఆ పాముల శాలలో మీవారు ఒకదాన్ని తప్పకుండా చూడాలి. గీలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి, నలుపు, నారింజ పూసలు కుట్టినట్టున్న చర్మం, లావుపాటి తోక. ఆ తోకలో కొవ్వు దాచుకుని ఏడాదికి కొన్ని పూటల తిండితోనే గడిపేస్తుంది. 1990ల మొదట్లో జాన్ ఎంగ్ అనే అమెరికన్ వైద్యుడు దాని విషంలో ఒక హార్మోను కనిపెట్టారు. భోజనం చేశాక ఇన్సులిన్ విడుదలయ్యేలా చేసే హార్మోను ఒకటి మన పేగుల్లో ఉంటుంది, ఇది దాన్ని పోలి ఉండి, ఎక్కువసేపు పనిచేస్తుంది. దాని ఆధారంగా తయారైన ఎక్సెనటైడ్ అనే షుగరు మందుకు 2005లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఈనాడు డాక్టర్లు రాస్తున్న ఒక పెద్ద మందుల కుటుంబంలో అది మొదటిది.

షుగరు ఉన్నవారు చెప్పులతో వెళ్లకూడదు, వేళ్లు పూర్తిగా మూసే బూట్లే వేసుకోవాలి. పాదాల్లో స్పర్శ తగ్గితే ముల్లు దిగినా తెలియదు. ఇన్సులిన్ వాడుతుంటే దాన్ని కారులో వదలకండి, చల్లటి సంచిలో వెంట ఉంచుకోండి. బిస్కెట్లు, నీళ్లు ఎలాగూ ఉండాలి.

పులిహోర, దద్దోజనం కట్టుకుని వెళ్తారని నాకు తెలుసు, వెళ్లాలి కూడా. మ్యూజియం పక్కనే సవారో నేషనల్ పార్కు పడమటి భాగం ఉంది. అందులో సిగ్నల్ హిల్ అనే చోట భోజనానికి బల్లలు వేసి ఉంటాయి. అక్కడి చిన్న గుట్ట మీద రాళ్లకు చెక్కిన పాత బొమ్మలు, సుడులు, జంతువులు కనిపిస్తాయి. హోహోకం అనే పూర్వపు రైతు జాతి వాళ్లు చెక్కినవి. అక్కడికి మట్టి రోడ్డు, కారు నిదానంగా పోనివ్వమనండి. చాండ్లర్ నుంచి వచ్చేటప్పుడు ఆవ్రా వ్యాలీ రోడ్డు, సాండారియో రోడ్డు మీదుగా వస్తే మలుపులు తక్కువ. గేట్స్ పాస్ కనుమ దారి అందమైనదే, కానీ కారులో కడుపు తిప్పే అలవాటుంటే దాన్ని పెట్టుకోకండి.

*ప్రశ్న: నేను టెంపీలో ఎం.ఎస్. చేస్తున్నాను. సెలవులు దొరికేది జూన్‌లోనే. అప్పుడు వెళ్లడం పిచ్చితనం అంటున్నారు మిత్రులు. పాములు, తేళ్లు కూడా ఆ కాలంలోనే ఎక్కువట. మీ సలహా ఏమిటి?*
*– ఒక విద్యార్థి, సొంత ఊరు ఖమ్మం*

వెళ్లు నాయనా, కానీ చీకటితో బయలుదేరు. తెరిచే వేళకు గేటు దగ్గర ఉండి, పదిన్నర పదకొండుకల్లా బయటపడాలి. జూన్‌లో అక్కడ 40 డిగ్రీలు దాటడం మామూలే. గాలి పొడిగా ఉండడం వల్ల చెమట పట్టినట్టే తెలియదు, ఒంట్లో నీరు మాత్రం పోతూనే ఉంటుంది. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండు. వేసవిలో కొన్ని శనివారాలు రాత్రి కూడా తెరిచి ఉంచే అలవాటు ఉంది. ఆ ఏడాది వేళలు ముందే కనుక్కో. రాత్రి అతినీల కాంతి దీపం వేస్తే తేళ్ల ఒళ్లు నీలి ఆకుపచ్చ రంగులో వెలుగుతుంది, అది చూడవలసిందే.

జూన్‌లో వెళ్లేవాళ్లకు దక్కే ఒక భాగ్యం మార్చిలో వెళ్లేవాళ్లకు లేదు. సవారో పండ్లు పండేది అప్పుడే. మే నెల నుంచీ తెల్లటి పూలు రాత్రిపూట విచ్చుకుని మర్నాడు మధ్యాహ్నానికి ముడుచుకుంటాయి. రాత్రి గబ్బిలాలు, పగలు తేనెటీగలు, తెల్లరెక్కల గువ్వలు వాటి చుట్టూ తిరుగుతాయి. పండు పగిలితే లోపల ఎర్రటి గుజ్జు, నల్లటి గింజలు. ఆ నేల మీద తరతరాలుగా బతుకుతున్న టొహోనో ఓధమ్ జనం, ఎండిన సవారో లోపలి పొడవాటి పుల్లలనే ఒకదానికొకటి కట్టి గెడ చేసుకుని పండ్లు రాలుస్తారు. గుజ్జు కాచి పాకం చేస్తారు. కొంత పులియబెట్టి, వానను పిలిచే క్రతువులో తాగుతారు. వాళ్లకు కొత్త సంవత్సరం మొదలయ్యేది ఈ పండ్ల కాలంతోనే. మన రైతు ఏరువాక కోసం ఆకాశం వైపు చూసే రోజులూ అవే. ఇది తెలుసుకుని వెళ్తే ఆ చెట్టును చూసే చూపు వేరుగా ఉంటుంది.

పాముల గురించి మరీ బెంగ వద్దు. గిలక పాములు ఉన్న మాట నిజమే, అవి కూడా మనిషికి దూరంగా ఉండాలనే చూస్తాయి. దారి మీదే నడు, కంటికి కనిపించని రాతి సందులో చెయ్యి పెట్టకు, అంతే. నన్నడిగితే పాముకంటే చోయా కాక్టస్‌తోనే ఎక్కువ జాగ్రత్త కావాలి. దూరానికి మెత్తటి నూగులా కనిపిస్తుంది. కాస్త తగిలితే చాలు, ముక్క విరిగి బట్టలకో ఒంటికో అతుక్కుంటుంది. ముళ్ల చివర్లు వెనక్కి తిరిగి ఉంటాయి. చేత్తో లాగావంటే చేతికీ అంటుకుంటుంది. జేబులో ఒక దువ్వెన పెట్టుకో. దాన్ని ముక్కకూ చర్మానికీ మధ్య దూర్చి ఒక్క విసురు విసిరితే ఊడి అవతల పడుతుంది. పక్కన ఎవరూ లేకుండా చూసుకుని విసరాలి.

*ప్రశ్న: ఏడేళ్ల మనవడిని తీసుకెళ్తున్నాం. గద్దల ప్రదర్శన భయపెడుతుందా?*
*– ఒక తాతగారు, సికింద్రాబాద్*

భయపెట్టదండీ, కళ్లు తిప్పుకోనివ్వదు. అక్టోబరు నుంచి ఏప్రిల్ సగం దాకా, రోజుకు రెండుసార్లు ఉంటుంది. పక్షులకు తాడు ఉండదు, వల ఉండదు. తలమీదుగా ఎంత దగ్గరగా వెళ్తాయంటే రెక్కల గాలి నుదుటికి తగులుతుంది. హారిస్ గద్దలు వచ్చినప్పుడు బాగా గమనించమనండి. చాలా గద్దలు ఒంటరిగా వేటాడతాయి. ఇవి కుటుంబంతో కలిసి వేటాడతాయి. ఒకటి కుందేలును పొదలోంచి బయటికి తరుముతుంది, మిగిలినవి బయట కాచుకుని ఉంటాయి. మనవడిని భుజాల మీద ఎక్కించుకోవద్దు, ఫోను పట్టుకుని చేతులు పైకెత్తవద్దు. ఆ వయసు పిల్లలకు హమ్మింగ్ పక్షుల ఇల్లు కూడా నచ్చుతుంది. ఎరుపు చొక్కా వేసి పంపండి, మొహం ముందుకొచ్చి గాలిలో నిలబడి చూసి వెళ్తాయి. మెక్సికన్ తోడేళ్లనూ చూపించండి. అమెరికా అడవుల్లో పూర్తిగా తుడిచిపెట్టుకుపోయిన జాతి అది. మనుషుల సంరక్షణలో పెంచి, 1998లో మళ్లీ అరిజోనా అడవిలో వదిలారు.

*ప్రశ్న: మాది ఎర్రనేల, వానలు తక్కువ. అమ్మాయి అరిజోనా నుంచి వచ్చేటప్పుడు సవారో విత్తనాలు, మెస్కీట్ కాయలు తెమ్మంటే తెస్తానంటోంది. మా తోటలో బతుకుతాయా?*
*– ఒక రైతు, కడప జిల్లా*

వద్దండీ. మొదట చట్టం సంగతి. అరిజోనాలో స్థానిక మొక్కలకు రక్షణ ఉంది, అనుమతి లేకుండా సవారోను తవ్వినా నరికినా నేరం. కాక్టస్ జాతుల అంతర్జాతీయ రవాణా మీద కూడా ఆంక్షలు ఉన్నాయి. మన దేశంలోకి విత్తనం తేవాలంటే దిగుమతి అనుమతి, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. సామానులో చుట్టి తెచ్చే వ్యవహారం కాదు.

చట్టాన్ని పక్కన పెట్టినా, ఈ ప్రశ్న కడప జిల్లా నుంచి రావడం నన్ను కదిలించింది. మీ పొలం గట్ల మీద, చెరువుల్లో పాతుకుపోయిన సర్కారు తుమ్మ ఈ మెస్కీట్‌కు తోబుట్టువే. మద్రాసు అటవీ అధికారులు అమెరికా ఖండం వైపు నుంచి గింజలు తెప్పించి, 1877లో నాటించింది మీ కడప ప్రాంతంలోనే. బీడు నేలలు పచ్చబడతాయని, వంటచెరకు దొరుకుతుందని వాళ్ల ఉద్దేశం. వంటచెరకు దొరికింది, బొగ్గు బట్టీలూ వెలిశాయి. కానీ పశువులు తీయటి కాయలు తిని పేడతో గింజలు పంచాయి, చెరువులు, బీళ్లు, వాగులు దాని వశమయ్యాయి. సొనోరాలో మెస్కీట్ సొంత నేల మీద ఉంది. అక్కడ అది సవారో పిల్లలకు నీడనిచ్చే దాది, ఓధమ్ జనం దాని కాయలు దంచి తీయటి పిండి చేసుకుంటారు. అదే కుదురు చెట్టు మన దగ్గర పొలాన్ని మింగే కంప అయింది.

అటు నుంచి ఇటే కాదు, ఇటు నుంచి అటూ జరిగింది. ఆఫ్రికాలోనూ మన దేశపు మెట్ట ప్రాంతాల్లోనూ సహజంగా పెరిగే బఫెల్ గడ్డిని పశువుల మేత కోసం 1930లలో అరిజోనాకు తీసుకెళ్లారు. ఇప్పుడది టూసాన్ కొండవాలుల మీద దట్టంగా అల్లుకుంటోంది. సొనోరా ఎడారిలో మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ నేల ఉండేది కాబట్టి నిప్పు పాకేది కాదు. ఈ గడ్డి ఆ ఖాళీని నింపి, ఎండి, మంటకు దారి వేస్తోంది. నిప్పు తెలియని సవారోలు తట్టుకోలేవు. అక్కడివాళ్లు సెలవు రోజుల్లో గడ్డపారలు పట్టుకుని కొండెక్కి ఆ గడ్డిని కుదుళ్లతో సహా తవ్వి పారేస్తున్నారు. మనం సర్కారు తుమ్మతో పడే తిప్పలే వాళ్లవీ.

అమ్మాయి మ్యూజియానికి వెళ్తే నాగజెముడు మొక్కలను చూసి రమ్మనండి. మన దగ్గర కంచెల్లో కనిపించేది కూడా అమెరికా నుంచి వచ్చిన వంశమే. దాని అట్టల మీద తెల్లటి దూది అంటినట్టు మచ్చలు ఉంటాయి. కార్యకర్త ఎవరైనా ఆ దూదిని పుల్లతో తీసి కాగితం మీద నలిపితే ముదురు ఎరుపు రంగు వస్తుంది. ఆ దూది కింద దాక్కున్నది కాచినీల్ పురుగు. ఒకప్పుడు పట్టు బట్టలకు ఆ రంగు అద్దేవారు. దక్షిణ భారతంలో నాగజెముడు పొలాలను కమ్మేసినప్పుడు, 1920లలో ఒక రకం కాచినీల్ పురుగును తెచ్చి వదిలితేనే అది అదుపులోకి వచ్చింది. మీ ఇంట్లో ముసలివాళ్లెవరైనా తమ పెద్దల నుంచి ఆ నాగజెముడు కంపల కాలం గురించి విని ఉంటే నాకు రాయండి.

మీ ఎర్రనేలకు చింత, వేప, సీతాఫలం, రేగు ఉన్నాయి. ఆ చెట్ల నీడన ఏవి మొలుస్తున్నాయో ఈ వానాకాలం కాస్త చూసి పెట్టండి.

*ప్రశ్న: ఫీనిక్స్‌లోనే డెజర్ట్ బొటానికల్ గార్డెన్ ఉంది కదా, టూసాన్ దాకా ఎందుకు?*
*– ఒక పాఠకురాలు, విశాఖపట్నం*

మొక్కలు మాత్రమే చాలనుకుంటే ఫీనిక్స్ తోట చాలు. 1939లో మొదలైన తోట, కాక్టస్‌లు, కిత్తనార జాతులు ప్రపంచం నలుమూలల నుంచీ తెచ్చి పెంచారు. దారులు చదునుగా ఉంటాయి, ఇంటి నుంచి పూటలో వెళ్లి రావచ్చు. పసిపిల్లలు, నడవలేని పెద్దలు వెంట ఉంటే నేనూ అదే చెబుతాను. చెట్టూ, దాన్ని తొలిచే పిట్టా, దాని పండు తినే జంతువూ, వెనకాల అవన్నీ పుట్టిన కొండా ఒకేచోట కావాలంటే టూసాన్ వెళ్లాలి. రెండింటికీ వీలుంటే ముందు ఫీనిక్స్ తోటలో మొక్కల పేర్లు నేర్చుకుని, మరో రోజు టూసాన్ వెళ్లండి. రెండు చోట్లా టికెట్లు ముందుగానే కొనుక్కోవడం మేలు, ఫిబ్రవరి, మార్చి శని ఆదివారాల్లో రద్దీ బాగా ఉంటుంది.